గొప్ప సినిమాలను ఇంట్లో చూడడం ఎలా: తిరుపతి, చిత్తూరు ప్రేక్షకులకు సమగ్ర మార్గదర్శి

గొప్ప సినిమా అని అందరూ అంటున్నారని పెట్టుకుని అరగంటకే ఆపేసినవాళ్లు మన చుట్టూ చాలామంది ఉన్నారు. ‘అవార్డు సినిమాలు మనకు ఎక్కవు’ అని తీర్మానించుకుని మళ్లీ వాటి జోలికి పోరు. వాళ్లు చూసిన కాపీ ఎలాంటిదో ఒకసారి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఎవరో యూట్యూబ్‌లో ఎక్కించిన మసక ప్రింటు, పక్కలకు సాగి లావెక్కిన ముఖాలు, ఫ్యాను హోరులో కలిసిపోయిన మాటలు, మధ్యమధ్యలో వాట్సాప్ మోతలు. ఇన్ని అడ్డంకుల మధ్య చూస్తే మాయాబజార్ అయినా విసుగే పుట్టిస్తుంది.

సినిమా హాలు పేరే కూడలి పేరైపోయిన ఊరు తిరుపతి. లీలామహల్ సర్కిల్ అంటే తెలియనివాళ్లు ఉండరు. కానీ 1950ల నాటి క్లాసిక్‌నో, ఇరాన్ సినిమానో, సత్యజిత్ రాయ్ చిత్రాన్నో ఇక్కడి హాల్లో చూసే అవకాశం మనకు దాదాపు లేదు. చిత్తూరులోనూ అంతే. కాబట్టి ఇంటినే హాలుగా మార్చుకోవాలి. దీనికి పెద్ద ఖర్చేమీ అవసరం లేదు. 43 అంగుళాల టీవీ, ఓ మోస్తరు ఇంటర్నెట్, సినిమా నడిచినంతసేపు ఫోన్ పక్క గదిలో పెట్టే ఓపిక ఉంటే చాలు. టీవీ లేని హాస్టల్ విద్యార్థులకు లాప్‌టాప్, మంచి ఇయర్‌ఫోన్స్ సరిపోతాయి.

ఈ సినిమాలు మనకు అందనంత ఎత్తులో లేవని నా గట్టి నమ్మకం. మనకు తెలిసిన సినిమా నుంచి, మన సరిహద్దు భాషల నుంచి మొదలుపెట్టి, బొమ్మా శబ్దమూ సరిగ్గా ఉండేలా చూసుకుంటే అవి ఎవరికైనా ఎక్కుతాయి. ఎలాగో వరుసగా చెప్తాను.

మొదటి మెట్టు: జాబితాను కాదు, మనిషిని పట్టుకోండి

బ్రిటన్‌లో వచ్చే సైట్ అండ్ సౌండ్ పత్రిక 1952 నుంచి పదేళ్లకోసారి విమర్శకులను అడిగి ప్రపంచంలోని అత్యుత్తమ చిత్రాల జాబితా వేస్తోంది. మొదటిసారి పైన నిలిచింది ఇటలీ సినిమా బైసికిల్ థీవ్స్. 1962 నుంచి 2002 దాకా మొదటి స్థానం సిటిజన్ కేన్‌దే. 2012లో వర్టిగో వచ్చింది. 2022లో షాంతాల్ ఆకెర్‌మాన్ అనే దర్శకురాలు 1975లో తీసిన జాన్ డీల్‌మాన్ ఆ స్థానంలోకి వచ్చింది. ఇది మూడు గంటల ఇరవై నిమిషాల సినిమా. ఒక గృహిణి ఇంట్లో రోజువారీ పనులు చేసుకోవడాన్ని కదలని కెమెరాతో నిదానంగా చూపిస్తుంది. నిస్సందేహంగా గొప్ప సినిమా. అయితే ఒకటో నంబరు కదా అని దాంతోనే మొదలుపెడితే చాలామంది అక్కడే ఆగిపోతారు. అలాంటి జాబితా కొంత దూరం నడిచినవాళ్లకు పనికొస్తుంది. కొత్తవాళ్లకు వేరే దారి కావాలి.

మీకు బాగా నచ్చిన పాత తెలుగు సినిమా ఒకటి తీసుకోండి. కెమెరా ఎవరు, సంగీతం ఎవరు, సహాయ దర్శకులు ఎవరు అన్నది టైటిల్స్‌లో చూడండి. వాళ్లలో ఒకరి చెయ్యి పట్టుకుని ఇంకో సినిమాకు వెళ్లండి.

శంకరాభరణాన్నే తీసుకుందాం. 1980లో విడుదలైన ఈ కె. విశ్వనాథ్ చిత్రం తెలియని ఇల్లు మన దగ్గర ఉండదు. దానికి ఛాయాగ్రహణం బాలు మహేంద్ర. ఆయనే తమిళంలో దర్శకుడిగా వీడు (తమిళంలో ఇల్లు అని అర్థం) అనే సినిమా తీశారు. ఒక మధ్యతరగతి ఉద్యోగిని తన కుటుంబం కోసం చిన్న ఇల్లు కట్టుకోవాలనుకుంటుంది. అప్పు, కాంట్రాక్టరు, సిమెంటు, మున్సిపాలిటీ, ఇదే కథ. ప్లాటు కొని పునాది తీసిన ప్రతి కుటుంబానికీ ఇందులో తమ ఇల్లే కనిపిస్తుంది. ముసలి తాత సగం కట్టిన ఇంటిని చూడ్డానికి ఒక్కడే వెళ్తాడు. పూత కూడా లేని గోడల్ని చేత్తో తడుముతూ గది గదీ తిరుగుతాడు. మాటలేమీ ఉండవు. ఆ కొద్ది నిమిషాల కోసమైనా ఈ సినిమా చూడాలంటాను. ఇందులో నటించిన అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. ఆ మరుసటి ఏడాదే బి. నర్సింగరావు తీసిన తెలుగు చిత్రం దాసికి మళ్లీ ఆమెకే ఆ అవార్డు వచ్చింది. దొర గడీలో ఆడబాపగా, అంటే కట్టు దాసీగా బతికే పిల్ల కథ అది. ఛాయాగ్రహణం, కళ, దుస్తులు కలుపుకుని మొత్తం ఐదు జాతీయ అవార్డులు అందుకుంది. కళా దర్శకత్వం చిత్రకారుడు తోట వైకుంఠం చేశారు. చూడండి, శంకరాభరణం దగ్గర బయల్దేరి తమిళంలోకి వెళ్లి మళ్లీ తెలుగులోకే వచ్చాం. దారిలో రెండు గొప్ప సినిమాలు దొరికాయి.

మాయాబజార్ నుంచి ఇంకో దారి ఉంది. 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ఆ సినిమాకు సింగీతం శ్రీనివాసరావు సహాయకుడిగా పనిచేశారు. ముప్పై ఏళ్ల తర్వాత, 1987లో, ఆయన ఒక్క మాట కూడా లేని పుష్పక విమానం తీశారు. ఇంట్లో ఆరేళ్ల పిల్లాడి నుంచి అవ్వ దాకా అందరూ కలిసి చూడగలిగే సినిమా అది. సబ్‌టైటిల్స్ గొడవే లేదు. దాని తర్వాత చార్లీ చాప్లిన్ సిటీ లైట్స్ (1931) పెడితే, మూకీ సినిమా అంటే భయం పోతుంది.

రజనీకాంత్ అభిమానులకు మన జిల్లాల్లో కొదవ లేదు. వాళ్లు 1978లో వచ్చిన ముళ్ళుం మలరుం చూడాలి. మహేంద్రన్ దర్శకత్వం, కెమెరా ఇక్కడ కూడా బాలు మహేంద్రే. చెల్లెలి మీద ప్రాణం పెట్టుకున్న మొండి అన్నగా రజనీ ఎంత నటుడో అందులో తెలుస్తుంది. స్టైల్ చూసి ఇష్టపడినవాళ్లు కూడా ఆ సినిమా చూశాక ఆయన్ను ఇంకోలా చూస్తారు.

భాష విషయంలో మనకు మిగతా తెలుగు జిల్లాలకు లేని అదృష్టం ఉంది. చిత్తూరు వాళ్లకు వేలూరు పక్క ఊరు. ఆసుపత్రికీ అక్కడికే, బట్టలకూ అక్కడికే. తమిళం మాట్లాడకపోయినా అర్థం కానివాళ్లు తక్కువ. కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే బజారులో వినిపిస్తాయి. పలమనేరు, పుంగనూరు వైపు కన్నడం కొత్త కాదు. ఇంత చెవి ఉన్న మనం సబ్‌టైటిల్స్ సరిగ్గా లేకపోయినా తమిళ, కన్నడ సినిమాలను సులువుగా పట్టుకోగలం. కన్నడంలో సంస్కార (1970) చూడండి. యు.ఆర్. అనంతమూర్తి నవల ఆధారంగా తీసిన ఈ సినిమాకు దర్శకుడు మన నెల్లూరు కవి పట్టాభి, అంటే తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. మద్రాసులో సెన్సారు వాళ్లు మొదట ఆపేసిన ఆ సినిమాకే ఆ ఏడాది జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు దక్కింది. తెలుగు కవి తీసిన కన్నడ సినిమా మొత్తం కన్నడ చిత్రాల దారినే మార్చేసింది. మన పిల్లలకు ఈ సంగతి చెప్పేవాళ్లే లేరు.

రెండో మెట్టు: మంచి కాపీ సంపాదించండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. టీవీ ఎంత ఖరీదైనదైనా కాపీ నాసిరకమైతే చేసేదేమీ లేదు.

మన చట్టం ప్రకారం సినిమా మీద కాపీరైటు విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు ఉంటుంది. అందుకే మల్లీశ్వరి (1951), మాయాబజార్ లాంటి 1950ల సినిమాలు యూట్యూబ్‌లో పదీ ఇరవై చోట్ల కనిపిస్తాయి. అన్నీ ఒకటి కావు. మొదట వచ్చినదాన్ని నొక్కేయకుండా నాలుగైదు తెరిచి పోల్చండి. పోల్చడానికి ఐదు నిమిషాలు చాలు.

ముందు నిడివి చూడండి. ఒకే సినిమాకు ఒకచోట మూడు గంటలు, ఇంకోచోట రెండున్నర ఉంటే పాటలో పద్యాలో కోసేశారని అర్థం. తర్వాత టైటిల్స్ దగ్గర ఆపండి. పైవరసలో అక్షరాల తలకట్లు తెగిపోయినా, కిందివరస సగం కనపడకపోయినా, పాత చదరం బొమ్మను ఈకాలపు వెడల్పు తెరకు సరిపడేలా పైనా కిందా కత్తిరించారన్నమాట. అలాంటి కాపీలో మనుషుల నుదుళ్లు, కిరీటాలు, నాట్యం చేసే పాదాలు పోతాయి. ఆ తర్వాత తెరమీద గుండ్రంగా ఉండాల్సిన వస్తువు ఏదైనా వెతకండి. బండి చక్రం, గాజులు, చంద్రుడు ఏదైనా సరే. కోడిగుడ్డులా కనిపిస్తే బొమ్మ సాగింది. బైసికిల్ థీవ్స్‌కు ఈ పరీక్ష భలే సులువు, తెరనిండా సైకిల్ చక్రాలే. చివరగా ఎవరైనా దగ్గరగా మాట్లాడే దృశ్యంలో పెదవులూ మాటా కలుస్తున్నాయో లేదో చూడండి.

మాయాబజార్ గురించి ప్రత్యేకంగా ఒక మాట. 2010లో దానికి రంగులద్ది, కొత్త శబ్దంతో విడుదల చేశారు. నిడివి కూడా కుదించారు. పిల్లల్ని కూర్చోబెట్టడానికి అది ఉపయోగపడుతుంది, కాదనను. కానీ మొదటిసారి నలుపు తెలుపులోనే చూడాలని గట్టిగా చెప్తాను. ‘లాహిరి లాహిరి’ పాట వచ్చినప్పుడు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే పని చూడండి. మొదట అభిమన్యుడు, శశిరేఖ పడవలో ఉంటారు. వాళ్లను పట్టుకోడానికి కృష్ణుడూ రుక్మిణీ వస్తారు. ఆఖర్న బలరాముడూ రేవతీ. మూడు జంటల మీదా పడేది ఒకే వెన్నెల, అందులో ఎక్కువ భాగం స్టూడియో దీపాలతో పుట్టించినదే. నీటి మీద మెరుపు, ముఖం మీద మెత్తటి వెలుగు, వెనక చీకటి, వీటి మధ్య తేడాలన్నీ నలుపు తెలుపు కోసం కొలిచి పెట్టినవి. రంగు పూస్తే ఆ కొలత చెదిరిపోతుంది.

ఇతర భాషల పాత సినిమాలకు ‘పునరుద్ధరించిన కాపీ’ దొరుకుతుందేమో వెతకండి. పథేర్ పాంచాలి (1955) ఉదాహరణ చాలు. అపు అనే పిల్లాడి కథతో రాయ్ తీసిన మూడు చిత్రాల్లో ఇది మొదటిది. ఆ మూడింటి మూల నెగటివ్‌లు 1993లో లండన్‌లోని లాబొరేటరీలో జరిగిన అగ్నిప్రమాదంలో దెబ్బతిన్నాయి. కాలి, పెళుసెక్కిన ఆ రీళ్లను పారేయకుండా దాచారు. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత అమెరికాలోని క్రైటీరియన్ సంస్థ, అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్ కలిసి, ఇటలీలోని బొలోనా నిపుణులతో పనికొచ్చే ముక్కల్ని బాగుచేయించి, మిగతా భాగాన్ని వేరే ప్రింట్ల నుంచి తీసుకుని 4కేలో కొత్త కాపీ తయారుచేశాయి. 2015లో అది బయటికొచ్చింది. పాత టీవీ ప్రింటులో పథేర్ పాంచాలి చూసి ‘బూడిదరంగు సినిమా’ అనుకున్నవాళ్లు ఈ కాపీ చూస్తే, చెరువు నీటి మీద పురుగుల నడకతో సహా కనిపిస్తుంది. మన దేశంలో ముంబయి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ ఇలాంటి పనే చేస్తోంది. గుజరాత్ పాడి రైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేసుకుని తీయించిన శ్యామ్ బెనెగల్ మంథన్ (1976) వాళ్ల చేతుల మీదుగా కొత్త ప్రాణం పోసుకుని 2024లో ఫ్రాన్స్‌లోని కాన్ సినిమా ఉత్సవంలో ప్రదర్శనకు వెళ్లింది. మన జిల్లాల్లో ఎన్నో పల్లెల్లో పాలకేంద్రాలు ఉన్నాయి. ఆ సినిమా చూడ్డానికి మనకన్నా తగినవాళ్లు ఎవరు?

డిస్కుల సంగతి. డీవీడీలు, బ్లూరేలు మన ఊళ్లలో కనుమరుగవుతున్నా, సినిమాను శాశ్వతంగా దగ్గర పెట్టుకోవాలంటే అవే దారి. ఓటీటీలో ఇవాళ ఉన్న సినిమా రేపు ఉంటుందన్న భరోసా లేదు. బయటి దేశం నుంచి తెప్పించే ముందు ప్రాంతపు కోడ్, అంటే ఆ డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు చూసుకోవాలి. డీవీడీలకు మన దేశం ప్రాంతం 5, బ్లూరేలకు ప్రాంతం సీ. అమెరికా బ్లూరేలు చాలావరకు ప్రాంతం ఏ, మన ప్లేయర్లో ఆడవు. 4కే డిస్కులకు ఈ బాధ లేదు. డిస్కు తుడిచేటప్పుడు మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవండి. గుండ్రంగా తిప్పి తుడిస్తే గీతలు పడి ఆగిపోతుంది. ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టొద్దు. తిరుపతి మే నెల ఎండకు డిస్కులు వంగిపోతాయి.

సంగీతం నేర్చుకునేవాళ్లకు ఇంకో సంగతి. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. పాల్ అనే పాత టీవీ పద్ధతిలో చేసిన డీవీడీల్లో దాన్ని 25గా ఆడిస్తారు. 100 నిమిషాల సినిమా 96 నిమిషాల్లో అయిపోతుంది. శబ్దాన్ని సరిచేయకపోతే శ్రుతి కూడా ఒక స్వరస్థానంలో ముప్పావు వంతు దాకా పైకి పోతుంది. శంకరాభరణంలో పాటకు తంబురా పెట్టుకుని సాధన చేయాలనుకుంటే, ఆ కాపీ శ్రుతి మీ రికార్డుతో కలుస్తుందో లేదో ముందు చూసుకోండి.

మూడో మెట్టు: ఇంటర్నెట్, కరెంటు

ఇది చిన్నదే. హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా, 4కేలో 7 జీబీ దాకా డేటా పోతుంది. మొబైల్‌లో రోజుకు జీబీన్నర ప్యాకేజీ మీద సినిమా సగంలో ఆగిపోతుంది. అందుకే ముందు రోజు రాత్రి వైఫైలో డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. హెచ్‌డీ నిలకడగా రావాలంటే 5 ఎంబీపీఎస్ వేగం చాలు. పేరుకు 100 ఉండి మాటిమాటికీ తెగిపోయే కనెక్షన్ కన్నా నిలకడగా వచ్చే 10 నయం. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు టీవీతోపాటు వైఫై రూటర్‌కూ దాని లైను ఇవ్వాలి. చాలా ఇళ్లలో టీవీ వెలుగుతూనే ఉంటుంది, రూటర్ ఆరిపోతుంది.

నాలుగో మెట్టు: టీవీని సినిమాకు తగ్గట్టు మార్చండి

కొత్త టీవీ దుకాణంలో ఎలా మెరిసిందో ఇంట్లోనూ అలాగే ఉంచేస్తాం. దుకాణం వెలుగులో జనాన్ని ఆకర్షించడానికి పెట్టిన సెట్టింగ్ అది. సినిమాకు పనికిరాదు.

సెట్టింగ్స్‌లో పిక్చర్ మోడ్‌కు వెళ్లి వివిడ్ లేదా డైనమిక్ ఉంటే తీసేసి సినిమా లేదా మూవీ అని ఉన్నది పెట్టండి. ఈమధ్య వచ్చిన టీవీల్లో ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే ఇంకా మంచిది. మొదటి రోజు తెర కాస్త పసుపుగా, మసకగా అనిపిస్తుంది. రెండు సినిమాలు చూసేసరికి కళ్లు అలవాటు పడతాయి, పాత సెట్టింగ్ నీలంగా, కళ్లు చెదిరేలా అనిపిస్తుంది. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. ఎక్కువ పెడితే పాత సినిమాలో ఉండే సహజమైన నలుసులు ఇసుకలా రాలతాయి, ముఖాల చుట్టూ తెల్లగీత వస్తుంది. కరెంటు ఆదా చేసే ఎనర్జీ సేవింగ్ ఆపండి, చీకటి దృశ్యాల్లో అదే బొమ్మను మింగేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా కదలికలను నునుపు చేసే సెట్టింగ్‌ను తీసేయాలి. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ. 24 ఫ్రేముల మధ్యలో లేని ఫ్రేములను టీవీయే ఊహించి కలుపుతుంది. దాంతో గొప్ప సినిమా కూడా సాయంత్రం వచ్చే సీరియల్‌లా కనిపిస్తుంది. చాలామంది ఏదో తేడాగా ఉందంటారు కానీ కారణం ఇదని వాళ్లకు తెలియదు.

ఇక తెర ఆకారం. 1950ల మొదటి సగం దాకా సినిమాలు దాదాపు చదరంగా, ఎత్తుకు 1.37 రెట్లు వెడల్పుతో తీసేవారు. మన టీవీ 1.78 రెట్లు. కాబట్టి పాత సినిమాకు అటూ ఇటూ నల్లటి పట్టీలు రావాలి. రాకపోతే సాగదీశారనో కత్తిరించారనో అర్థం. 43 అంగుళాల తెర వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు. అందులో పథేర్ పాంచాలి 73 సెంటీమీటర్లే తీసుకుంటుంది. అదే బాగా వెడల్పుగా ఉండే సినిమాస్కోప్ బొమ్మకు పైనా కిందా పట్టీలొచ్చి ఎత్తు 40 సెంటీమీటర్లకు తగ్గుతుంది. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం 1974 నాటి అల్లూరి సీతారామరాజు. దాన్ని తెర నిండాలని జూమ్ చేసి చూస్తే, దండు నిలబడిన దృశ్యంలో అంచున ఉన్నవాళ్లు మాయమవుతారు. ‘డబ్బు పెట్టి పెద్ద టీవీ కొంటే తెరంతా నిండదేం?’ అని ఇంట్లో ఎవరైనా అడిగితే ఓపికగా ఇదే చెప్పండి. శాంసంగ్‌లో ఫిట్ టు స్క్రీన్, ఎల్‌జీలో జస్ట్ స్కాన్ అనే సెట్టింగ్ పెడితే అంచులు కూడా తెగకుండా వస్తాయి.

కూర్చునే దూరం తెర మూలల మధ్య కొలతకు సుమారు ఒకటిన్నర రెట్లు ఉండాలి. 43 అంగుళాలకు ఐదున్నర, ఆరు అడుగులు. మన హాళ్లలో సోఫా ఎదురుగోడకు ఆనించి ఉంటుంది, పది పన్నెండు అడుగుల దూరం. సినిమా రోజు కుర్చీ ముందుకు లాక్కోండి, లేదా కింద చాప వేసుకోండి.

ఐదో మెట్టు: గది, శబ్దం

పథేర్ పాంచాలిలో అపు, అతని అక్క దుర్గ రెల్లుపూల చేలో రైలు చూడ్డానికి వెళ్తారు. రైలు రాకముందు, తీగలు మోసే స్తంభానికి చెవి ఆనించి లోపలి మోత వింటారు. జుమ్మని సన్నగా, అదేమిటో పిల్లలకు తెలియదు. ఆ శబ్దం వినపడితేనే ఆ తర్వాత దూరంగా పొగ లేవడం మనకూ ఒక అద్భుతంలా అనిపిస్తుంది. నెత్తిమీద ఫ్యాను ఐదులో తిరుగుతుంటే ఆ దృశ్యంలో ఇద్దరు పిల్లలు స్తంభం దగ్గర ఊరికే నిలబడ్డట్టు ఉంటుంది.

కాబట్టి ఏసీ ఉంటే ముందే గది చల్లబరిచి, తక్కువ వేగంలో పెట్టుకోండి. లేకపోతే వేసవిలో ఈ సినిమాలను రాత్రి తొమ్మిది తర్వాతకు వాయిదా వేసి, ఫ్యాను రెండులో పెట్టుకుని చూడొచ్చు. మేలో గంగమ్మ జాతర రోజుల్లో తిరుపతి వీధుల్లో మైకులు మోగుతాయి. ఆ వారం నిశ్శబ్దం మీద నడిచే సినిమా పెట్టకండి, పాటలున్న సినిమా పెట్టుకోండి. టీవీ స్పీకర్లు ఎక్కువగా కిందికో వెనక్కో చూస్తుంటాయి కాబట్టి మాటలు గోడకు తగిలి వస్తాయి. చిన్న సౌండ్‌బార్ పెట్టినా, ఇంట్లో ఉన్న రెండు స్పీకర్లను తెర పక్కన చెవి ఎత్తులో పెట్టినా తేడా వెంటనే తెలుస్తుంది. పాత సినిమాల శబ్దం మోనోయే, అంటే ఒకే ధారగా రికార్డు చేసినదే. దానికి సరౌండ్ ప్రభావాలు జోడించకండి, గొంతులు నూతిలోంచి వచ్చినట్టు వినిపిస్తాయి.

తెర మీద పడే లైటు ఆర్పేయండి. మరీ కటిక చీకటి వద్దు. టీవీ వెనక గోడ మీద పడేలా చిన్న దీపం ఉంటే కళ్లు అలసిపోవు.

ఆరో మెట్టు: ఇంట్లో వాళ్లతో, సబ్‌టైటిల్స్‌తో

సబ్‌టైటిల్స్ ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే దొరుకుతాయి. ఇంగ్లిష్ చదవలేని అమ్మానాన్నలు, అవ్వాతాతలు పక్కన ఉంటే రెండు దారులు. ఒకటి, మాటలు తక్కువగా ఉన్న సినిమా ఎంచుకోవడం. మజీద్ మజీదీ తీసిన ఇరాన్ సినిమా చిల్డ్రన్ ఆఫ్ హెవెన్ (1997) సరిగ్గా సరిపోతుంది. చెల్లెలి బూట్లు పోగొట్టిన అన్న, ఉన్న ఒక్క జత బూట్లనూ చెల్లెలితో పంచుకుంటాడు. పొద్దున బడికి చెల్లెలు వేసుకెళ్తుంది, మధ్యాహ్నం సందు మలుపులో అన్న కాళ్లలోకి మారతాయి. భాష రాకపోయినా ఆ పరుగు ఎవరికైనా అర్థమవుతుంది. రెండోది, కథను ముందే నాలుగు మాటల్లో చెప్పి కూర్చోవడం. ముగింపు తెలిసిపోతుందని బెంగపడొద్దు. హరికథ వినేవాళ్లందరికీ కథ ముందే తెలుసు.

తిరుపతి ఇళ్లకు చుట్టాలు దర్శనానికి వస్తూనే ఉంటారు, బ్రహ్మోత్సవాలప్పుడు మరీను. అలాంటి రోజు మాయాబజార్ తప్ప ఇంకోటి పెట్టకండి. అందరికీ తెలిసిన కథ, మధ్యలో వచ్చినా పోయినా ఎవరికీ ఇబ్బంది లేదు. సినిమా మొత్తంలో పాండవులు ఒక్కసారి కూడా కనిపించరన్న సంగతి ఎవరైనా గమనించారా అని అడగండి, అరగంట మాటలకు సరిపోతుంది.

సబ్‌టైటిల్స్ అక్షరాలు మధ్యస్థంగా, నల్లటి నీడతో పెట్టుకోండి. చదవడంలో పడి ముఖాలు చూడ్డం మర్చిపోతున్నామనిపిస్తే, పది నిమిషాలు వెనక్కి వెళ్లి ఆ భాగాన్ని సబ్‌టైటిల్స్ లేకుండా మళ్లీ చూడండి.

ఏడో మెట్టు: ఏ వరసలో చూడాలి

వారానికి ఒక్కటే. వరసగా మూడు చూస్తే మూడూ కలిసిపోతాయి. మాయాబజార్, పుష్పక విమానం, వీడు అయ్యాక బైసికిల్ థీవ్స్ (1948) పెట్టండి. గంటన్నర సినిమా. ఉద్యోగానికి ఆధారమైన సైకిల్ పోగొట్టుకున్న తండ్రి, వెంట తిరిగే కొడుకు. 1950లో లండన్‌లో ఈ సినిమా చూశాకే రాయ్, తన మొదటి చిత్రాన్ని నిజమైన ఊళ్లో, కొత్త నటులతో తీయొచ్చని ధైర్యం తెచ్చుకున్నారు. అందుకే దాని వెంటనే పథేర్ పాంచాలి చూడాలి. చాన్నాళ్లకు ఇంటికొచ్చిన అపు తండ్రి హరిహర్ తెచ్చిన వస్తువులు ఒక్కొక్కటే తీసి భార్య సర్వజయ చేతికిస్తాడు. ఆమె మాట్లాడదు. కూతురి కోసం తెచ్చిన చీర ఇచ్చేసరికి ఆమె కుప్పకూలిపోతుంది. నోరు తెరిచి ఏడుస్తుంది, కానీ మనకు వినిపించేది ఏడుపు కాదు, తారషెహనాయి అనే తీగవాద్యం. అప్పుడు ఎవరితోనూ మాట్లాడకండి, పాజ్ నొక్కకండి.

ఆ తర్వాత జపాన్‌కు వెళ్లొచ్చు. ఓజు తీసిన టోక్యో స్టోరీ (1953)లో, చిన్న ఊళ్లో ఉండే ముసలి తల్లిదండ్రులు పట్నంలో ఉన్న పిల్లల్ని చూడ్డానికి వెళ్తారు. పిల్లలకు తీరిక ఉండదు, వేడినీళ్ల ఊటలున్న ఊరికి పంపించేస్తారు. చనిపోయిన కొడుకు భార్య మాత్రం ఆఫీసుకు సెలవు పెట్టి ఊరు చూపిస్తుంది. పిల్లలు బెంగళూరులో, హైదరాబాదులో, అమెరికాలో ఉండి, ఇక్కడ భార్యాభర్తలిద్దరే మిగిలిన ఇళ్లు మన వీధి వీధికీ ఉన్నాయి. వాళ్లకు ఈ సినిమాలో తెలియని సంగతి ఒక్కటీ ఉండదు. కెమెరా చాప మీద కూర్చున్న మనిషి కళ్లెత్తులో ఉంటుంది. మీరు కూడా కింద కూర్చుని చూడండి, హాయిగా ఉంటుంది.

కోర్టు వాదనలు ఇష్టపడేవాళ్లు ట్వెల్వ్ యాంగ్రీ మెన్ (1957) పెట్టుకోవచ్చు, 96 నిమిషాలు, దాదాపు అంతా ఒకే గదిలో. జపాన్ దర్శకుడు కురొసావా తీసిన సెవెన్ సమురాయ్ (1954) మాత్రం ఆదివారం మధ్యాహ్నానికి దాచుకోండి. 207 నిమిషాల సినిమా. దానికి విరామం దర్శకుడే ఇచ్చాడు, అక్కడే లేచి కాఫీ తాగి రండి. వేరే ఎక్కడా ఆపొద్దు.

ఎనిమిదో మెట్టు: చూశాక

ఒక నోటుబుక్ పెట్టుకోండి. సినిమా పేరు, ఏడాది, దర్శకుడు, కెమెరా, సంగీతం, ఏ కాపీ చూశారు, నిడివి ఎంత. కింద మీకు గుర్తుండిపోయిన ఒక్క దృశ్యం రెండు వాక్యాల్లో రాయండి. నక్షత్రాలు, మార్కులు వేయకండి. విమర్శలు సినిమా చూశాకే చదవండి, ముందు చదివితే వాళ్ల కళ్లతో చూస్తాం. నచ్చని సినిమా ఉంటే నచ్చలేదనే రాయండి, ఎక్కడ మనసు జారిపోయిందో కూడా రాయండి. ఏడాది పోయాక మళ్లీ చూడ్డానికి అది పనికొస్తుంది.

ఆ నోటుబుక్‌లోని పేర్ల నుంచే తర్వాతి నెల జాబితా తయారవుతుంది. ఓటీటీ చందాలు కూడా దాన్నిబట్టే కట్టండి. ప్రపంచ సినిమాలకు ముబి లాంటివి ఉన్నాయి, దూరదర్శన్ పాత సరుకుకు ప్రసార భారతి 2024లో మొదలుపెట్టిన వేవ్స్ ఉంది. ఏడాదికి ఒకేసారి కట్టకుండా, చూడాలనుకున్నవి నాలుగైనా ఒకచోట ఉన్నాయని చూసుకుని ఒక నెలకు కట్టి, అవి అయిపోగానే ఆపేయండి. వచ్చే నెల మిగతావి ఎక్కడ ఉన్నాయో వెతికి అక్కడ కట్టుకోవచ్చు.